నాలుగో మెట్టు దగ్గర ఆలస్యం

రోజు 131

కొండ మీది కమిటీ ఈ ఉదయం రేడియోలో ఒక్క ప్రశ్నే అడిగింది. నూట ఆరో రోజున మొదలవ్వాల్సిన నాలుగో మెట్టు ఇవాళ మొదలవుతోంది, మధ్యలో ఇరవై అయిదు రోజులు ఏమయ్యాయి?

డాక్టర్ నీలోఫర్ మేడమ్ ఫారంలో మూడు లైన్లు నింపి పంపేశారు. తర్వాత ఈ ఖాళీ పుస్తకం నా చేతికిచ్చి, "ఫారంలో పట్టనివి నువ్వు రాస్తూ ఉండు రత్నం. రేపు ఇంకెక్కడో, ఇంకో మందు మొదలుపెట్టేవాళ్ళకు పనికొస్తాయి" అన్నారు. అందుకని రాస్తున్నాను. నా పేరు నూకరత్నం. ఆస్పత్రి తెప్ప మీద ఈ ట్రయల్ రికార్డులు నావి. రక్తం తీసేదీ, మిషన్‌లో పెట్టేదీ, అంకెలు ఎక్కించేదీ నేనే.

ఇది కాలేయ క్యాన్సర్‌కు కొత్త మందు; ఒక్కో మెట్టులో ముగ్గురు కొత్తవాళ్ళకు మోతాదు పెంచి ఇచ్చి ఇరవై ఎనిమిది రోజులు గమనిస్తాం. పద్నాలుగు రోజులు మొదటి మెట్టులోనే పోయాయి. ముగ్గురిలో ఒకాయన తొమ్మిదో రోజున మందు వేసుకోవడానికి వస్తూ, రెండు తెప్పల మధ్య పలక మీద కాలు జారి నీళ్ళలో పడ్డాడు. శవం దొరకలేదు. మందుకూ దానికీ సంబంధం లేదు. అయినా ఇరవై ఎనిమిది రోజులు గమనించిన మనుషులు ముగ్గురుండాలి, ఇద్దరు చాలరు. ఇంకో మనిషిని వెతికి మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెట్టాం. రెండో మెట్టులో మూడో మనిషి దొరకడానికి ఆరు రోజులు పట్టింది. కాలేయంలో క్యాన్సర్ ఉన్నవాళ్ళు మా తెప్పల మీద వంద మందికి పైనే ఉన్నారు. కానీ పాత మందు ఒంట్లోంచి పూర్తిగా పోయి, రక్తం ఇంకా పరీక్షకు నిలబడేవాళ్ళు దొరకడం కష్టం. మిగతా అయిదు రోజులు తుఫాను. టపా బోటు రాలేదు, క్యాప్సూళ్ళు రాలేదు.

ఇవాళ నాలుగో మెట్టులో ముగ్గురు కూర్చున్నారు. పదకొండో పడవ సరంగు దానయ్య మావ, అదే పడవ నుంచి నీళ్ళలోకి దిగే గవరయ్య, ఓలేసు. ముగ్గురూ పదేళ్ళుగా నీళ్ళ అడుగున ఉన్న ఊళ్ళో దిగి, ఫ్యాక్టరీల్లోంచి రాగి తీసుకొచ్చినవాళ్ళు. వాళ్ళు తెచ్చిన రాగిని తెప్ప మీద కూర్చుని కడిగి బురద వదిలించేది మా అత్త ఎర్రమ్మ. ముగ్గురికీ ఆమెకీ ఒకే జబ్బు, ఒకే ఏడాది బయటపడింది.

అత్త ఒంట్లోంచి పాత మందు పోవడానికి ఇంకా నాలుగు రోజులుంది. కాబట్టి నాలుగో మెట్టు ఆమెకు తప్పిపోయింది. అయిదో మెట్టులో మొదటి పేరు ఆమెదే.

"నాలుగో మనిషిని కూసోబెడితే మీ కుర్సీ ఇరిగిపోద్దేటే?" అని గుమ్మం దగ్గర్నుంచే అడిగింది అత్త.

"ముగ్గురికే రాసుందత్తా."

దానయ్య మావ నవ్వాడు. "ఎర్రమ్మా, కొత్త లోతుకి అందరం ఒక్కసారే దూకీస్తామేటి? ఒకడు దిగుతాడు. పైకొచ్చినాక ఓ రేత్రి సూస్తాం. ఆడి ముక్కంట నెత్తురు రాకపోతేనే మిగిలినోల్లు. ఇదీ అంతే."

"మీరు ఓ రేత్రి సూస్తారు. ఈల్లు నెల సూస్తన్నారు. ఈల్ల సూపు అయ్యేదాకా నాను ఉండాల గదా!"

ముగ్గురూ పగలబడి నవ్వారు. మేడమ్ కూడా నవ్వారు, కొంచెం ఆలస్యంగా. మా మాట ఆవిడకు అర్థమవడానికి ఒక్క క్షణం ఎక్కువ పడుతుంది.

మూడో మెట్టులో రోజుకు మూడు క్యాప్సూళ్ళు. ఇప్పుడు నాలుగు. ఉదయం రెండు నా ఎదుట, సాయంత్రం రెండు ఇంటి దగ్గర. రెండు పూటలా ఇక్కడికే రప్పిద్దామని మేడమ్ అన్నారు. నేనే వద్దన్నాను. నీరసపడ్డ మనుషులు రోజుకు నాలుగుసార్లు పలకలు దాటితే మళ్ళీ ఎవరో ఒకరు నీళ్ళలో పడతారు, మళ్ళీ పద్నాలుగు రోజులు పోతాయి అన్నాను. మేడమ్ ఒప్పుకున్నారు.

రోజు 145

పొద్దున్నే వాన నీళ్ళ డ్రమ్ములు దింపించి, మిషన్ గొట్టాలు కడిగాను. ఉప్పు నీళ్ళు ఒక్క చుక్క తగిలినా అది మూడు రోజులు తప్పుడు అంకెలు చూపిస్తుంది.

ముగ్గురికీ వాంతులు లేవు, రక్తం బాగుంది. పద్నాలుగో రోజు పూర్తయింది.

మధ్యాహ్నం ఇంటికి వెళ్ళేసరికి పదకొండో పడవ తిరిగొచ్చింది. ఇప్పుడు దాన్ని దానయ్య మావ అల్లుడు నడుపుతున్నాడు. తెచ్చిన రాగిని తెప్ప మీద పోసి కుప్పలు పెడుతున్నారు. మాలో ముందు పెట్టే కుప్ప ఆ రోజు పడవెక్కలేనివాళ్ళది. జ్వరమొచ్చినా, పురుడొచ్చినా, కాలు విరిగినా వాళ్ళ వాటా ముందు తీశాకే మిగిలింది పంచుకుంటారు. దాన్ని ఒడ్డు వాటా అంటాం. ఒడ్డు లేకపోయి అరవై ఏళ్ళయినా మాట మారలేదు. నాన్న కింది ఊళ్ళోకి దిగి పైకి రాకుండా ఉండిపోయాక నేను తిన్నది ఆ వాటాయే. కొండ మీది బడికి నన్ను తీసుకెళ్ళిన బోటుకు కట్టిందీ అందులోంచే. మా ఇంట్లో అంతకుముందు ఎవరూ అక్షరం నేర్చుకోలేదు.

అత్త ఇవాళ రెండు చేపలు తింది. నెల రోజులుగా గంజి తప్ప ఏమీ దిగని మనిషి. కుడి పక్క నొప్పి కూడా తగ్గిందంది. కళ్ళలో పచ్చదనం తగ్గినట్టే ఉంది. క్యాన్సర్‌లో ఇలా మధ్య మధ్య తెరిపి ఇవ్వడం మామూలే అని మేడమ్ చెప్పి ఉన్నారు. అయినా సంతోషంగా ఉంది.

రోజు 160

ఇరవై ఎనిమిది రోజులు గడిచాయి. నాలుగో మెట్టులో ఎవరికీ ఏమీ కాలేదు. కింద చాప మీద వరసగా కూర్చున్న రోగులు ఈ మాట వినగానే చప్పట్లు కొట్టారు.

సాయంత్రం మేడమ్ నన్ను లోపలికి పిలిచి రెండు కాగితాలు పక్కపక్కన పెట్టారు. ఒకటి మూడో మెట్టువాళ్ళ రక్తంలో మందు ఎంత ఉందో చెప్పేది. రెండోది నాలుగో మెట్టువాళ్ళది.

"ఏం కనిపిస్తోంది?"

"రెండూ ఒకటే మేడమ్."

"మూడు మింగినా నాలుగు మింగినా రక్తంలో అంతే ఉంది. ఎలా?"

 మిషన్ నేనే కడిగాను, నేనే సరిచూశాను. మళ్ళీ పరీక్ష చేశాను. అదే అంకె. క్యాప్సూళ్ళలోనే మందు తక్కువగా నింపారేమోనని మేడమ్ అనుమానం. పది క్యాప్సూళ్ళు సీలు వేసి టపా బోటులో కొండకు పంపాం. పోవడానికి ఆరు రోజులు, రావడానికి ఆరు రోజులు, అక్కడ పరీక్షకు అయిదు రోజులు. అంతవరకూ అయిదో మెట్టు తెరవరు. ముగ్గురూ ఇప్పటిలాగే నాలుగు వేసుకుంటూ ఉంటారు.

రోజు 178

క్యాప్సూళ్ళు సరిగ్గానే ఉన్నాయి. కమిటీ రేడియోలో గంటసేపు చర్చించింది. నాలుగో క్యాప్సూలు ఒంటికి పట్టడం లేదేమో, అలాంటి మందులు ఉన్నాయి అన్నాడు అందులో ఒకాయన. ఎవరికీ హాని జరగలేదు కాబట్టి అయిదో మెట్టుకు వెళ్ళొచ్చన్నారు. అంటే రోజుకు ఆరు క్యాప్సూళ్ళు. పద్దెనిమిది రోజులు పోయాయి.

అత్తకు చెప్పాను. వెంటనే జుట్టు దువ్వుకుంది. "ఇప్పుడేటి కాదు అత్తా, ముందు రక్తం తియ్యాలి" అంటే, "రక్తం తీసినా మనిషి మనిషిలాగ కనబడాల గదే సదువులమ్మా" అంది.

రోజు 181

ఇవాళ జరిగింది పూర్తిగా రాస్తాను.

ఉదయం అత్త రక్తం తీసి మిషన్‌లో పెట్టాను. అయిదో మెట్టుకు ముందు చేసే పరీక్షల్లో, ఈ మందు ఒంట్లో ఎంత ఉందో చూసేది కూడా ఒకటి. మందు ముట్టని మనిషికి అక్కడ సున్నా రావాలి. సున్నా రాలేదు. దానయ్య మావకు వచ్చిన అంకే వచ్చింది. గొట్టం మారిపోయిందేమోనని ఇంకోసారి తీశాను. అదే అంకె.

మేడమ్ ఏడో తెప్ప మీద పురుడు పోయడానికి వెళ్ళారు. గదిలో నేనూ అత్తా మాత్రమే ఉన్నాం.

"అత్తా, నువ్వు బిళ్ళలు ఏసుకుంటన్నావా?"

"ఏసుకుంటన్నాను." దాపరికం లేదు. గొంతులో బెదురు లేదు. "ఎర్రగా ఉంటాయవి గదా. సాయంత్రం గవరయ్య పెళ్ళాం తెస్తాది."

"ఎన్ని?"

"తలా ఒకటి. మూడు."

"ఎప్పట్నించి?"

"మొదట్నించీ. నా వాటాయే అది. ఆల్లు పడవెక్కినారు, నానెక్కలేదు. సరంగు తీసీసి ఉంచినాడు. ఏటలగ సూస్తావ్? నీకు తెల్దేటి?"

పన్నెండు క్యాప్సూళ్ళు. నలుగురు మనుషులు. తలా మూడు. వాళ్ళు సరిగ్గా సమానంగా పంచుకున్నారు. నాలుగో మెట్టు అసలు జరగనే లేదు. జరిగింది మూడో మెట్టే, ఇంకోసారి.

మేడమ్ కొండ మనిషి. ఆవిడకు ఈ ఊహ రాలేదంటే తప్పు లేదు. ఒడ్డు వాటా తిని పెరిగిన నేను ఎలా మర్చిపోయాను? రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి అడిగినప్పుడు కూడా నాకు తట్టలేదు. సాయంత్రం మోతాదు ఇంటికి పంపమన్నది కూడా నేనే.

"నీకు నొప్పి తగ్గింది దానివల్లేనా?"

"మరేటనుకున్నావు, నీ చేతి చేపల పులుసు వల్లనుకున్నావా?" అని నవ్వి, నా ముఖం చూసి ఆపేసింది. "ఏటయిపోనాదిప్పుడు?"

చెప్పాను. నాలుగు క్యాప్సూళ్ళు మనిషి ఒంట్లో ఏం చేస్తాయో ఎవరికీ తెలియదని, తెలిసిందనుకుని ఆరు ఇవ్వబోతున్నారని, ఆ ఆరు మొదట వేసుకునేది ఆమేనని.

"సరే మరి. ఆరూ ఏసుకుంటాను. మూడు మంచి సేసినాయి, ఆరు ఇంకా మంచి సేస్తాయి."

"నేను మేడమ్‌కి చెప్తే నిన్ను తీసేస్తారత్తా."

 ఆమె తన చేతిలోని దూదిని గుండ్రంగా చుట్టి నా బల్ల మీద పెట్టింది.

"అయితే సెప్పకు" అంది.

రోజు 182

నిన్నటి పేజీ రాశాక పుస్తకం దాచేశాను. ఉదయం మేడమ్ వచ్చి ఎర్రమ్మ రక్తం ఏమైందని అడిగితే, మిషన్ కడుగుతున్నానన్నాను. ఈ ట్రయల్‌లో నేను చెప్పిన అబద్ధం అదొక్కటే. అది ఆరు గంటలు నిలిచింది.

ఆ ఆరు గంటలూ నేను ఆలోచించింది ఇది. చెప్పకపోతే అత్తకు మందు దొరుకుతుంది. ఆమెకు మందు లేకపోతే రెండు నెలలు. ఆరు క్యాప్సూళ్ళు ఆమెకు మంచి చెయ్యొచ్చు, చంపనూవచ్చు. అయిదో మెట్టులో ఆమెతో పాటు ఇంకో ఇద్దరు కూర్చుంటారు. నాలుగు మింగిన మనుషులు ముగ్గురు క్షేమంగా ఉన్నారని నా చేతి రాతలో చూసి నమ్మి కూర్చుంటారు. అలాంటి మనుషులు లేరు.

మధ్యాహ్నం మేడమ్ అన్నం తింటుంటే వెళ్ళి కాగితం పెట్టాను. ఆవిడ చెయ్యి కడుక్కోకుండానే దాన్ని రెండుసార్లు చదివారు.

"ఆవిడ ఎవరో కమిటీకి తెలియదు. నీకు అత్త అని నాకు తెలుసు" అన్నారు.

"తెలుసు మేడమ్."

"మందు ఇవాళే ఆపాలి."

"చెప్పాను మేడమ్. నిన్న సాయంత్రం మూడు వేసుకుంది. అదే ఆఖరు."

రోజు 184

కమిటీ నిర్ణయం. నాలుగో మెట్టు కొత్తగా ముగ్గురితో మళ్ళీ మొదలుపెట్టాలి. రెండు పూటలా ఆస్పత్రిలోనే మింగించాలి. దానయ్య మావ, గవరయ్య, ఓలేసు ఇకమీద మూడు వేసుకోవచ్చు. మూడో మెట్టు క్షేమమని తేలింది, వాళ్ళ పేర్లు రిజిస్టరులో ఉన్నాయి. ఎర్రమ్మ పేరు రిజిస్టరులో లేదు. మొదలుపెట్టే ముందు ఆమె కాలేయం ఎలా ఉందో రాసిన కాగితం లేదు. కాబట్టి ఆమెకు ఇవ్వకూడదు.

మేడమ్ రేడియో ముందు నిలబడి నలభై నిమిషాలు వాదించారు. వాళ్ళకు అంగీకరించే మనసు లేకపోలేదు. ఒక్కరికి రాతలో లేకుండా ఇస్తే రేపు వంద మంది అడుగుతారు, ఇచ్చేందుకు క్యాప్సూళ్ళు లేవు అన్నారు. చివరికి ఒక దారి చూపించారు. ఇరవై ఎనిమిది రోజులు మందు లేకుండా ఉండాలి. తర్వాత అన్ని పరీక్షలూ కొత్తగా చెయ్యాలి. నిలబడితే మూడో మెట్టులో అదనపు మనిషిగా తీసుకుంటారు.

అదే మూడు క్యాప్సూళ్ళు. అదే మనిషి. మధ్యలో ఇరవై ఎనిమిది రోజులు.

రోజు 189

నాలుగు రోజులుగా ముగ్గురూ మందు వేసుకోవడం లేదు. వస్తారు, కుర్చీలో కూర్చుంటారు, అరచేతిలో క్యాప్సూళ్ళు పెట్టుకుని వాటినే చూస్తారు, తిరిగి గిన్నెలో వేసేస్తారు.

"ఎర్రమ్మకి లేనిది మాకొద్దు" అంటాడు దానయ్య మావ. నాతో కాదు, గోడతో. నేను పలకరిస్తే వినపడనట్టు ఉంటాడు. ఓలేసు మాత్రం అన్నాడు, "నీకు అన్నం ఎట్టిన సెయ్యే గదే అది. సదువుకుంటే కల్లు కనిపించవేటి?" 

ఇవాళ అత్తే వచ్చింది. పలకలు దాటడానికి ఇద్దరు పట్టుకున్నారు. గుమ్మంలోనే మొదలుపెట్టింది.

"ఒరే దానయ్యా! నాకోసం పస్తుంటన్నావంట. నాకేటొస్తాదిరా దాన్తో? నీ పెళ్ళాం ముండమోసి నా పక్కన కూసుంటే నాకు కాలక్షేపమా?"

"ఎర్రమ్మా, వాటా తప్పితే పడవకి మంచిది కాదు."

"నా వాటా నాను తినీసినాను. యాభై రోజులు తిన్నాను. పొట్టనిండా తిన్నాను. ఇప్పుడిది మీది. మింగండి." ముగ్గురి ఎదుటా నిలబడి, పిల్లలకు ఆముదం పట్టించినట్టు ఒక్కొక్కరి గడ్డం ఎత్తి మింగించింది. గవరయ్య ఏడ్చాడు. వాడి నెత్తిన మొట్టి, "నీల్లు తాగు, గొంతుకి అడ్డం పడిపోద్ది" అంది.

బయటికి వెళ్ళాక నా భుజం మీద బరువంతా వేసింది. నా మీద కోపంగా ఉందా అని అడిగాను.

"ఉంది" అంది. "ఉండదేటి? సరేలే, నడు."

రోజు 196

కొత్త నాలుగో మెట్టు ఇవాళ మొదలైంది. ముగ్గురిలో ఒకరు గౌరమ్మ. తెరచాపలు కుడుతుంది, ముప్ఫై రెండేళ్ళు, ఇద్దరు ఆడపిల్లలు. భర్త లేడు. కాగితం మీద వేలిముద్ర వేసే ముందు నన్ను అడిగింది, "ముందోల్లు నాలుగేసుకుంటే ఏటీ అవలేదంట గదా?"

"వాళ్ళు మూడే వేసుకున్నారు అక్కా. నాలుగు ఎవరూ వేసుకోలేదు. మీరే మొదలు."

"అలాగా" అని వేలిముద్ర వేసింది. "మరి ఎవరో ఒకరు ఏసుకోవాల గదా."

రోజు 211

అత్తకు ఇరవై ఎనిమిది రోజులు దాటాయి. మేడమ్ ఎదుటే రక్తం తీసి పరీక్ష చేశాను. మందు సున్నా. కామెర్లను కొలిచే అంకె మూడు లోపల ఉండాలి. మూడు పాయింట్ నాలుగు వచ్చింది. మందు వేసుకుంటున్నప్పుడు, నూట ఎనభై ఒకటో రోజున, ఒకటిన్నర ఉంది.

రెండు రోజుల తర్వాత మళ్ళీ చేద్దామన్నారు మేడమ్. తర్వాత కిటికీ వైపు తిరిగి చాలాసేపు సముద్రాన్ని చూశారు. ఆవిడ ఎందుకు అటు తిరిగారో నాకు అర్థమైంది. అత్తకూ అర్థమైంది.

"రాసేది నువ్వే గదా" అంది మెల్లగా.

పెన్ను నా చేతిలోనే ఉంది. మూడు పాయింట్ నాలుగు అని రాశాను.

అత్త తల ఊపింది. చీర కొంగు సర్దుకుని, "పోనీ, ఇంటికెలిపోదాం పద" అంది.

రోజు 213

నాలుగు పాయింట్ ఒకటి.

రోజు 214

గౌరమ్మకు క్యాప్సూళ్ళు మొదలుపెట్టి ఇవాళ పంతొమ్మిదో రోజు. ఉదయం చిగుళ్ళ నుంచి రక్తం వచ్చింది. మధ్యాహ్నానికి వాంతిలో రక్తం. మందు ఆపేశాం. తెప్పల మీద ఆమె గ్రూపు రక్తం ఉన్నవాళ్ళు అయిదుగురుంటే అయిదుగురూ వచ్చి చాప మీద పడుకున్నారు. అందులో ఓలేసు ఒకడు. రోగి అని మేడమ్ వద్దంటే గట్టిగా అరిచి పోట్లాడాడు. చివరికి పంపించేశాం.

రోజు 217

గౌరమ్మ తెల్లవారుతుండగా పోయింది. కాలేయం మందును తట్టుకోలేకపోయిందని మేడమ్ రాశారు. నేను తేదీ, టైము రాశాను.

ముగ్గురిలో ఒకరికి ప్రమాదం జరిగితే అదే మెట్టులో ఇంకో ముగ్గురిని తీసుకుని చూడాలి. అది నియమం. ఒక్క చావు ఆమె ఒంటి తీరు వల్ల జరిగిందో, మందు వల్ల జరిగిందో తేలాలి. అంటే మరో ముగ్గురిని వెతకాలి, మరో నెల చూడాలి.

నాలుగో మెట్టు రెండోసారి పెట్టకపోతే గౌరమ్మ ఆ కుర్చీలో కూర్చునేది కాదు. నేను చెప్పడం వల్లే ఇది మొదలైంది. నేను చెప్పకపోయి ఉంటే అత్తా, ఇంకో ఇద్దరూ ఆరేసి వేసుకునేవాళ్ళు. మేడమ్ ఈ మాట నాకు రెండుసార్లు చెప్పారు. నిజమే. కానీ దాన్ని ఎటు తిప్పి చూసినా గౌరమ్మ పిల్లలు ఇద్దరే కనిపిస్తున్నారు.

రోజు 231

మరో ముగ్గురు దొరికారు. వెతకడానికి పద్నాలుగు రోజులు పట్టింది. గౌరమ్మ సంగతి తెలిసి తొమ్మిది మంది కాదన్నారు. వాళ్ళ పేర్ల పక్కన కారణం రాయమని ఫారంలో ఉంది. భయం అని రాశాను.

రోజు 238

అత్త నిన్న పోయింది. మధ్యాహ్నం, ఎండగా ఉన్నప్పుడు. చివరి వారం రోజులూ మాటలు సరిగ్గా కుదరలేదు. నన్ను చూసి ఒకసారి మా నాన్న పేరు పెట్టి పిలిచింది. ఒకసారి మాత్రం బాగా తెలివిలోకొచ్చి, "ఎంత వరకూ వచ్చినారు?" అని అడిగింది. "ఇంకా నాలుగులోనే ఉన్నాం అత్తా" అన్నాను. "ఓలమ్మో" అని కళ్ళు మూసుకుంది.

దానయ్య మావా వాళ్ళే మోశారు. నాతో మాట్లాడలేదు.

ఇవాళ పనిలోకి వచ్చాను. ముగ్గురి రక్తం తీయాల్సిన రోజు ఇవాళే. ఒక్క రోజు తప్పినా ఆ లెక్క పనికిరాదు.

రోజు 252

రెండో ముగ్గురిలో ఒక మనిషికి కళ్ళు పచ్చబడి, మాట తడబడింది. మందు ఆపగానే తేరుకున్నాడు. ఆరుగురిలో ఇద్దరు. ఇక అనుమానం లేదు. నాలుగు ఎక్కువ. నాలుగో మెట్టు మూసేశాం.

రోజు 263

కమిటీ చివరి మాట వచ్చింది. రోజుకు మూడు క్యాప్సూళ్ళు.

ఒక మోతాదు ఖాయం చెయ్యాలంటే దాని మీద ఆరుగురిని గమనించి ఉండాలి. మూడో మెట్టులో ముగ్గురే ఉన్నారు. మరో ముగ్గురి కోసం ఇంకో నెలన్నర పట్టాల్సింది. కానీ పదకొండో పడవ ముగ్గురూ ఎంత వేసుకున్నారో ఇప్పుడు ఖాయంగా తెలుసు కాబట్టి, వాళ్ళను మూడో మెట్టు మనుషులుగా లెక్కపెట్టారు. ఆ విధంగా నలభై రోజులకు పైగా కలిసొచ్చాయి. దానయ్య మావకు గడ్డ సగానికి తగ్గింది. గవరయ్యకు పెరగలేదు. ఓలేసుకు పెరుగుతోంది.

అత్తను లెక్కలోకి తీసుకోలేదు. ఆమె మందు వేసుకున్న రోజుల కాగితం ఒక్కటే ఉంది, నూట ఎనభై ఒకటో రోజుది.

ఉదయం కొత్తగా మందు మొదలుపెట్టేవాళ్ళు పదహారు మంది వచ్చారు. కొండ మీద అంతమందికి సరిపడా తయారు చేయగలిగారు. వాళ్ళకంటే ముందు దానయ్య మావ తన మోతాదు కోసం కూర్చున్నాడు. డెబ్బై తొమ్మిది రోజుల తర్వాత నా ముఖం చూసి మాట్లాడాడు.

"మూడేనంట గదా, అందరికీ."

"మూడే మావా."

"మేం నలుగురం ఏసుకున్నదీ అదే గదా."

"అదే."

"మరి ఎర్రమ్మకెందుకు ఆపీసినారు?"

"మూడే సరైనదని అప్పటికి తెలీదు మావా. నాలుగు ఇంకా మంచిదేమో అనుకున్నాం. గౌరమ్మ పోయాక, ఆ తర్వాత ఇంకో మనిషి పడ్డాక తెలిసింది."

ఆయన మింగాడు. నీళ్ళు తాగాడు. గ్లాసు బోర్లించి, లేవకుండా అలాగే కూర్చున్నాడు.

"గౌరమ్మ పిల్లలకి సెప్పినావా ఈ మాట?"

"లేదు."

"మా సంగతి మేడమ్‌కి సెప్పడానికి బేగి ఎల్లీసినావు. ఆల్లకీ సెప్పు."

పదహారు మందికీ మందు ఇవ్వడం పూర్తయ్యాక అయిదో తెప్ప మీదికి వెళ్ళాను. పిల్లలిద్దరూ వాళ్ళ అమ్మమ్మతో ఉంటున్నారు. ఆవిడ నీళ్ళకు వెళ్ళింది. పెద్దదానికి పదేళ్ళుంటాయి, పేరు సన్యాసమ్మ. గుమ్మంలో కూర్చుని చెల్లి జడ అల్లుతోంది. నేను ఎదురుగా కూర్చుని చెప్పాను. అందరూ ఇప్పుడు మూడు వేసుకుంటున్నారని, నాలుగు ఎక్కువని మీ అమ్మ వల్ల తెలిసిందని, ఈ ఉదయం పదహారు మంది మొదలుపెట్టారని.

ఆ పిల్ల జడ ఆపకుండా వింది.

"అమ్మ మూడే ఏసుకునుంటే బతికుండేదా?"

"ఉండేది."

"ఎన్నాళ్ళు?"

"అది ఇంకా తెలీదమ్మా."

ఆ పిల్ల జడ చివర రబ్బరు బ్యాండు వేసింది. ఒకసారి లాగి చూసింది, వదులుగా ఉంది. విప్పేసి మళ్ళీ మొదట్నుంచి అల్లడం మొదలుపెట్టింది.